వడ్రంగం సెక్షను నిలిచిన ఏడాది

మా వారి సంతాప సభలో ఒక పాత విద్యార్థి మాట్లాడుతూ, సార్ ప్రభుత్వంతో పోరాడి వడ్రంగం సెక్షనును కాపాడారన్నాడు. అందరూ తలలూపారు. నేను అక్కడ కాదనలేదు. కానీ ఆయన ఎవరితోనూ పోరాడలేదు. రేషన్ షాపులో వరుస తప్పి ముందుకొచ్చిన వాళ్ళను కూడా ఏమీ అనలేని మనిషి. జరిగింది వేరు. గుర్తున్నంత వరకు రాస్తాను.

మా బడి ఫిల్మ్ నగర్ బస్తీకి దిగువన ఉండేది. నేను అక్కడ తెలుగు చెప్పేదాన్ని. పదో తరగతి పైన రెండేళ్ల ఒకేషనల్ కోర్సులు మొదలుపెట్టినప్పుడు మా బడికి వడ్రంగం వచ్చింది. దానికి ఆయన్ని ఇన్‌స్ట్రక్టరుగా వేశారు. వెనక ఒక రేకుల షెడ్డు, నాలుగు పని బెంచీలు, రెండు బీరువాల పనిముట్లు. ఆయన ఆ షెడ్డును రోజూ తనే ఊడ్చుకునేవారు. చెక్కపొట్టులో చిన్న మేకు పడి ఉన్నా ఏరి డబ్బాలో వేసేవారు.

అవి మద్రాసు నుంచి సినిమా వాళ్ళు ఒక్కొక్కరే తరలి వస్తున్న రోజులు. జూబ్లీ హిల్స్ బండల మీద ఇళ్ళు లేస్తున్నాయి. షూటింగు ఫ్లోర్లు లేస్తున్నాయి. అయితే సెట్లు కట్టే పనివాళ్ళ సంసారాలు మద్రాసులోనే ఉన్నాయి. వాళ్ళు నెల రోజులుండి వెళ్ళిపోయేవారు. ఇక్కడ చూస్తే పని తెలిసినవాళ్ళు లేరు. మా షెడ్డులో నేర్చుకుంటున్న వాళ్ళున్నారు గాని, వాళ్ళ సంగతి ఎవరికీ తెలియదు.

తల్లిదండ్రులకు మా సెక్షను మీద నమ్మకం లేదు. బోరబండ నుంచి వచ్చిన ఒక తండ్రి ఆయన ముఖం మీదే అన్నాడు.

"కట్టెకు రంద కొట్టుడు నేర్సుకోనీకి బడెందుకు సార్? మా బామ్మర్ది తాన కూసోబెడ్తే ఆర్నెల్లల్ల వస్తది."

స్టాఫ్ రూములో లెక్కల మాస్టారు అంతకంటే నయమేమీ కాదు. "పాసైనవాడికి పుస్తకం, తప్పినవాడికి ఉలి. మీది ఆసుపత్రి వార్డండీ," అనేవారు. ఈయన నవ్వి టీ తాగేవారు.

ఒక జనవరిలో ప్రిన్సిపాల్ ఆయన్ని పిలిచి, జూన్ ఆఖరుకు కొత్తగా పదిమంది చేరకపోతే సెక్షను ఎత్తేస్తారని చెప్పారు. ఆ మాట ఆయన నాకు రెండు రోజులు చెప్పలేదు. మూడో రోజు అన్నం కలుపుకుంటూ, "షెడ్డును టైపు మిషన్ల క్లాసుకిస్తారట," అన్నారు. అంతే. ఆ పూట పెరుగు వేసుకోవడం మర్చిపోయి లేచారు.

ఫిబ్రవరిలో ఒక మేస్త్రి మా బడి వెతుక్కుంటూ వచ్చాడు. గోదావరి వైపు మనిషి. ఇరవై ఏళ్ళు మద్రాసులో సెట్లు కట్టి, ఇక్కడ ఒక స్టూడియోకి పెద్ద మేస్త్రిగా వచ్చాడు.

"పదిమంది చెయ్యాల్సిన పని నలుగురితో ఈడుస్తున్నానండి. మీ పిల్లల్ని పంపండి సార్. చెయ్యి బాగుంటే, పరీక్షలవగానే నేనే పెట్టుకుంటా," అన్నాడు.

వీళ్ళకు స్టూడియోలో పని దొరికితే బస్తీలో ఆ మాట పాకుతుంది. చేరేవాళ్ళు వాళ్ళే వస్తారు. ఆయన ఆశంతా దాని మీదే పెట్టుకున్నారు. రెండో ఏడాది పిల్లలు ఆరుగురిని పంపారు. వాళ్ళు ఎనిమిది రోజులు పనిచేసి, ఒక జమీందారు ఇంటి హాలు సెట్టు కట్టారు. మేస్త్రి వేరే ఫ్లోరులో ఉండి, రోజుకోసారి వచ్చి, ముందు నుంచి చూసి బాగుందని వెళ్ళేవాడట. షూటింగు రోజు ఆదివారం. మీరూ రండి అని మా ఇద్దరినీ పిలిచాడు. షూటింగు చూడడం నాకదే మొదటిసారి. ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళాను.

అందరూ హాలు ముందు నిలబడి చూస్తుంటే ఈయన నన్ను గోడ వెనక్కి తీసుకెళ్ళారు. చెక్క మీద చెయ్యి వేసి చూపించారు.

"వెనక కూడా చిత్రిక పట్టి నున్నగా తీశారు, చూశావా? నేను చెప్పలేదు. వాళ్ళే పట్టారు."

ఆయన గొంతులో అంత సంతోషం నేను తక్కువసార్లు విన్నాను.

రెండు షాట్లయ్యాక డైరెక్టరు కెమెరాను అటువైపు పెట్టాలన్నాడు. ఎడమ గోడ తీసెయ్యమన్నాడు. "రెండు నిమిషాలండీ," అని మేస్త్రి సుత్తి పట్టుకుని వెనక్కి వచ్చాడు. మేకుల తలల కోసం తడిమాడు. తలలు లేవు. అన్నీ చెక్కలోకి దిగిపోయి ఉన్నాయి. మూలల్లో మేకులే లేవు. జాయింట్లు కోసి జిగురుతో బిగించి ఉన్నాయి.

"ఒరే అబ్బాయ్! ఈ గోడ ఎట్టా ఊడుద్దిరా?"

పొడుగ్గా ఉన్న కుర్రాడు గర్వంగా చెప్పాడు. "గదెట్ల ఊడ్తది మేస్త్రీ? మా సార్ నేర్పిన పని. ఏనుగొచ్చి గుద్దినా ఊడది."

లైట్ల వాళ్ళు పగలబడి నవ్వారు. మేస్త్రి నవ్వలేదు.

సెట్టు గోడకు మేకు సగమే దించాలి. తల బయటికి ఉండాలి. కెమెరా ఎటు తిరిగితే అటు గోడ క్షణంలో ఊడి పక్కకు పోవాలి. ఆ పనిలో ఉన్నవాళ్ళకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే మేస్త్రి చెప్పలేదు. ఈయనకు తెలియదు. మా పిల్లలు ఇల్లు కట్టినట్టు కట్టారు. గోడను రంపంతో కోసి తీసేసరికి మధ్యాహ్నమైంది. హీరోయిను వెళ్ళిపోయింది. ప్రొడక్షను మేనేజరు మేస్త్రిని అందరి ముందూ నానా మాటలు అన్నాడు.

మేస్త్రి ఈయన దగ్గరికి వచ్చాడు.

"పని రాకపోతే తిట్టేవాణ్ణి సార్. ఇంత బాగా వస్తే ఏమని తిట్టను? రేపట్నుంచి మాత్రం పిల్లల్ని పంపకండి."

మేం ఇంటికి నడిచాం.

ఆయన ఆశించినట్టే మాట బస్తీలో పాకింది. కానీ పాకింది ఈ మాట. ఏ వస్తువు గట్టిగా ఉన్నా "సార్ గోడ" అనడం మొదలుపెట్టారు. టీ బండి దగ్గర సీసా మూత రాకపోతే, "ఏందిరా, సార్ బిగించిండా?" అన్నారు. నేను విన్నాను. ఏప్రిల్ దాటినా చేరతామని ఒక్కరు రాలేదు.

వేసవి సెలవులు మొదలైన రోజు ఆయన పొద్దున్నే పాత చొక్కా వేసుకున్నారు. ఎక్కడికని అడిగితే మేస్త్రి దగ్గరికన్నారు. పని నేర్చుకోవడానికట.

"ఏమండీ, మీ పిల్లలు చూస్తే ఏమనుకుంటారు?" అన్నాను.

"నాకు రానిది నేనెలా చెప్పను?" అన్నారు.

నాకు నచ్చలేదు. నలభై ఐదేళ్ల మనిషి, నా భర్త, ఒక మేస్త్రి కింద నిలబడి సుత్తి కొట్టడం నాకు చిన్నతనంగా తోచింది. ఈ సంగతి ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మేస్త్రి మొదట ఒప్పుకోలేదట. "సారుకి నేను చెప్పడమేంటండీ, కళ్ళు పోతాయి," అన్నాడట. ఈయన కదలకపోతే ఒక ఫ్రేము, పిడికెడు మేకులు ఇచ్చాడు. సెట్టు మేకుకు రెండు దెబ్బలే. ఈయన చెయ్యి మూడో దెబ్బ కొట్టేసేది. పాతికేళ్ళ అలవాటు. మేకు దిగిపోగానే మేస్త్రి, "అదిగో, మళ్ళీ ఇల్లు కట్టేశారు!" అనేవాడట. రాత్రి భోజనం దగ్గర ఆయన నాకు మార్కులు చెప్పేవారు. "ఇవాళ ఇరవై మేకుల్లో ఆరే దిగిపోయాయి." ఇంకో రోజు, "రెండే." నేను మెచ్చుకునేదాన్ని. బడిలో ఏ పిల్లాడినీ అంత మెచ్చుకోలేదు.

మధ్యాహ్నాలు పని లేనప్పుడు ఆయన అక్కడ మిగిలిన ముక్కలతో ఒక స్టూలు చేశారు. ఒక్క మేకు లేకుండా. మేస్త్రి దాని మీద కూర్చుని అటూ ఇటూ ఊగి చూశాడట. లేచి, తిరగేసి, జాయింట్లు కోసిన చోటు చాలాసేపు చూశాడట.

జూన్‌లో బడి తెరిచాక ఆయన ఆ ఆరుగురినీ పిలిచి రెండు దెబ్బల పని నేర్పారు. మేస్త్రి వాళ్ళలో ముగ్గురిని పెట్టుకున్నాడు. దాంతో కొందరు మా షెడ్డు వైపు చూశారు. చేర్చుకునే ఆఖరి రోజు మధ్యాహ్నానికి ఎనిమిది పేర్లయ్యాయి. ఆయన ఆఫీసు బయట నిలబడి గేటు వైపు చూస్తున్నారు. నేను తొమ్మిదో తరగతికి ఛందస్సు చెబుతూ కిటికీలోంచి ఆయన్నే చూస్తున్నాను.

చివరి గంటకు ముందు మేస్త్రి వచ్చాడు. తన పనివాళ్ళ కొడుకులు ఇద్దరిని వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ళ వెనక ఒక పొట్టి అమ్మాయి ఉంది. అతని కూతురు, మద్రాసులో పది పాసైంది. నేను క్లాసు వదిలేసి వెళ్ళాను.

ప్రిన్సిపాల్ అబ్బాయిల పేర్లు రాసుకుని కలం ఆపారు. "ఆడపిల్లకు వడ్రంగమేమిటయ్యా? నువ్వు నేర్పుకోలేవా?"

"నా పని దానికి పనికిరాదు సార్. ఆడపిల్లని ఫ్లోరు మీదకి ఎవరూ రానివ్వరు. ఇంట్లో కూర్చుని తలుపులూ బల్లలూ చేసుకోవాలి. అవి నాకు రావు. నేను కట్టిందేదీ నెల నిలబడలేదు." మేస్త్రి ఈయన వైపు చూశాడు. "సారుకొచ్చు."

ప్రిన్సిపాల్ అమ్మాయిని అడిగారు. "నీకిష్టమేనా, నాన్న చెప్పాడని వచ్చావా?"

"ఇష్టమే సార్. షెడ్డు చూసొచ్చాను," అంది. "బెంచీలే ఎత్తుగా ఉన్నాయి. నాకు చెయ్యి అందదు."

ప్రిన్సిపాల్ పేరు రాశారు. పదకొండు.

ఈయన షెడ్డులోకి వెళ్ళారు. కాసేపటికి రంపం చప్పుడు వినిపించింది. మేం వెళ్ళేసరికి ఒక బెంచీని పక్కకు పడుకోబెట్టి దాని కాళ్ళు కోస్తున్నారు. ప్రిన్సిపాల్ గుమ్మంలోంచి అరిచారు.

"ఏమండీ, అది ప్రభుత్వ ఆస్తి! రేపు ఆడిట్ వాళ్ళొస్తే ఏం చెప్పను?"

"రాసిస్తాను సార్," అన్నారు ఈయన, రంపం ఆపకుండా.

బెంచీ కదులుతోంది. నేను చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని దాని మీద కూర్చున్నాను.