రైట్‌కూ బండి కదలడానికీ మధ్య

నాకు కోపం ఎక్కువ. ఇది ముందే చెప్పేస్తే తర్వాత నేను చేసిన పనులు మీకు వింతగా అనిపించవు. ఇరవై రెండేళ్ళుగా సిటీ బస్సు కండక్టర్ని. ఉప్పుగూడ నుంచి పాతబస్తీ మీదుగా బహదూర్‌పురా దాకా, అక్కడ జూపార్కు చూడవచ్చిన పిల్లల్ని దించి మళ్ళీ వెనక్కి. ఆ దారిలో నా నోరు ఎరగనివాళ్ళు తక్కువ. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ అంటుండేది. ఆమె ఎప్పుడూ సాయంత్రం ఐదింటి బస్సు ఎక్కలేదు.

కానీ నలభై ఏడో ఏట వచ్చిన కోపం వేరు. ఫుట్‌బోర్డు మీద వేలాడే కాలేజీ పిల్లల్ని తిట్టడం నాకు ఉద్యోగంలో భాగం, వాళ్ళకూ చదువులో భాగం. ఆ యేడు మాత్రం ఫ్రీ టికెట్టు కోసం సంచిలో ఆధార్ కార్డు వెతుక్కుంటున్న ఒక పెద్దామె మీద, ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా అరిచాను. తర్వాతి స్టాపు వచ్చేసరికి నేనే ఏడుస్తున్నాను. ఎందుకు అరిచానో, ఎందుకు ఏడ్చానో రెండూ తెలియలేదు.

ఒళ్ళు కూడా నా మాట వినడం మానేసింది. మెడ దగ్గర సెగ పుట్టి చెవుల దాకా ఎగబాకేది. డిసెంబరు పొద్దున జనం మంకీ క్యాపులు పెట్టుకుని ముడుచుకు కూర్చుంటే, నేను కిటికీ అద్దం తోసి తల బయట పెట్టేదాన్ని. రాత్రి నిద్ర రెండు గంటలు పడితే పండగే. నెలసరి రెండు నెలలు ముఖం చాటేసి మూడో నెల వచ్చిందంటే పది పన్నెండు రోజులు కదిలేది కాదు. చీర మీద వేసుకునే యూనిఫాం కోటు మోకాళ్ళ దాకా ఉంటుంది. కుట్టినవాడు ఎందుకు కుట్టాడో గానీ, ఆ రోజుల్లో వాడికి రోజూ దండం పెట్టుకున్నాను.

మా రూటు చివర బాత్రూం లేదు. మగవాళ్ళకు గోడ ఉంది. మాకు ఓపిక ఉంది.

మా బండి డ్రైవరు రిటైర్మెంటుకు రెండేళ్ళున్న సాయిబు. ఆరేళ్ళుగా ఎక్కువ రోజులు మా ఇద్దరిదే జంట డ్యూటీ. నేను భాయ్ అంటాను, ఆయన చెల్లె అంటాడు. రోజు మొత్తం మీద నేను వెయ్యి మాటలు మాట్లాడితే ఆయన పది మాట్లాడతాడు, అందులో ఆరు హారను. అలాంటి మనిషి ఒకరోజు ట్రిప్పు చివర బండిని స్టాండులో ఆపకుండా కాస్త ముందుకు తీసుకెళ్ళి, ఒక చాయ్ హోటల్ ముందు ఆపాడు.

"చెల్లె, నాకు పది నిమిషాలు చాయ్ తాగాలె. హోటలాయన ఇల్లు గీ వెనకాలనే. ఇంట్ల ఆడవాళ్ళకు చెప్పిన. పోయి జర కూసోని రా."

"ట్రిప్పు లేటైతే కంట్రోలరుకు ఎవలు చెప్తరు? నేనా?" అని మీదికి లేచాను.

"నేనే చెప్త. ట్రాఫిక్ అంట."

ట్రాఫిక్ అన్న మాటకు మా ఊళ్ళో సాక్షులు అక్కర్లేదు. ఆ ఇంట్లో బాత్రూం ఉంది, బకెట్ నిండా నీళ్ళున్నాయి, తలుపుకు గడియ ఉంది. ఆ రోజు నుంచి ప్రతి ట్రిప్పుకూ ఆయనకు చాయ్ తాగాలనిపించేది. రెండు నెలలు పోయాక హోటలాయన భార్య నవ్వుతూ చెప్పింది, "మీ డ్రైవర్ సాబ్ చాయ్ తాగడమ్మా. షుగర్ అంట గద. గ్లాసు ముందట పెట్టుకొని కూసుంటడు, సల్లారినంక లేసి పోతడు." తిరిగొస్తూ ఆయన ముందున్న గ్లాసు చూశాను. నిండుగానే ఉంది, ఆవిరి లేదు.

బస్సు ఉద్యోగం తెలియనివాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. మా పని మొత్తం రెండు మాటల మీద నడుస్తుంది. హోల్డాన్ అంటే ఆగాలి, రైట్ అంటే కదలాలి. ఆడవాళ్ళకు ముందు తలుపు అన్నది పాత మాట, టికెట్టు డబ్బులు లేకుండా తిరగడం మొదలయ్యాక రెండు తలుపులూ వాళ్ళవే. కిక్కిరిసిన బండిలో వెనక ఎవరు దిగుతున్నారో డ్రైవరు తిరిగి చూడలేడు. కండక్టరు నోట్లోంచి వచ్చిన మాటే ఆయనకు కళ్ళు.

ఆ చలికాలంలోనే నాకొక అనుమానం వచ్చింది. నేను రైట్ అన్నాక బండి వెంటనే లేవడం లేదు. చిన్న ఆలస్యం. ఒకటి, రెండు అని లెక్కపెట్టేంత. నేనూరుకుంటానా?

"భాయ్, క్లచ్చు చూపియ్యి. బండి లేస్తలేదు."

"చూపిస్త చెల్లె."

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. డిపోలో మెకానిక్కుల్ని కూడా నాలుగు తిట్టాను. ఆడలేక మద్దెల ఓడన్నారంటే నాబోటి వాళ్ళని చూసే అని ఉంటారు.

పెళ్ళిళ్ళ కాలంలో ఒకరోజు. లాడ్ బజార్‌కు వెళ్ళి గాజులు కొనుక్కొచ్చే ఆడవాళ్ళతో బండి నిండిపోయింది. ముందురోజు రాత్రి కన్ను మూయలేదు. మధ్యాహ్నం ఎండలో సెగ ఎగదన్నింది, చెవుల్లో హోరు. ఒక స్టాపులో వెనక తలుపు దగ్గర ఒక పెద్దామె దిగుతోంది. రెండు చేతుల్లో గాజుల డబ్బాలు. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు రోడ్డు మీద, చీర కొంగు తలుపు రాడ్‌కు చిక్కుకుంది. నేను ఆమెను చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను, బాగా చూశాను. హోల్డాన్ అనాలని కూడా తెలుసు, నోట్లోంచి మాత్రం ఇంకో మాట వచ్చింది.

"రైట్!" అన్నాను.

బండి కదల్లేదు. ఆమె కొంగు విడిపించుకుంది, డబ్బాలు సర్దుకుంది, దిగి వెళ్ళిపోయింది. ఏం తప్పిందో ఆమెకు తెలియదు. బస్సులో ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. అప్పుడు నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. జనాన్ని తోసుకుంటూ ముందుకెళ్ళి డ్రైవరు మీద అరిచాను.

"రైట్ అన్న గద! ఎందుకు తీయలే?"

ఆయన ఎడమ పక్క అద్దం వైపు వేలు చూపించి బండి తీశాడు.

ట్రిప్పు చివర అందరూ దిగాక ఇంజను ఆపి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని చెప్పాడు.

"మూడు నెల్ల సంది అద్దం చూసినంకనే తీస్తున్న చెల్లె. క్లచ్చు మంచిగనే ఉన్నది."

"అంటే నా మాట మీద నమ్మకం లేదా?"

"నీ మాట మీద ఉన్నది. నీ తబియత్ మీద లేదు. ఒళ్ళు మంచిగ లేదు నీకు."

మూడు నెలలు. ప్రతి స్టాపులో నేను రైట్ అనడం, ఆయన అద్దంలో చూడడం, నేను క్లచ్చును తిట్టడం, ఆయన చూపిస్తాననడం. చెంపదెబ్బ కొట్టినా అంత బాధ ఉండేది కాదు. ఆ మూడు నెలల్లో ఆ అద్దం ఎంతమందిని కాపాడిందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

"రేపు డిపోకు పోయి రాసిస్త. బండి దిగిపోత. ఆఫీసుల ఏదన్న మూలకు కూసోబెట్టమంట," అన్నాను. అన్నాక ఏడుపొచ్చింది. ఇంట్లో నేను ఒకరి భార్యని, ఒకరి తల్లిని. ఈ బండిలో మాత్రమే నేను నేను. ఈ రెండు తలుపుల మధ్య నాకున్న అధికారం నాకు ఇంకెక్కడా లేదు. అది పోతుందన్న భయం ముందు సెగ ఎంత, నిద్ర ఎంత.

మా గల్లీ చివరి నర్సింగ్‌హోంలో చూపించుకుంటే అప్పటికే ఒకమాట చెప్పి ఉన్నారు. గర్భసంచి తీసేస్తే సరిపోతుందని. ఏ పరీక్షా చేయకుండానే ఆపరేషనుకు తేదీ కూడా రాసిచ్చారు. "తీసేయించుకో, లొల్లి ఖతం," అన్నాడు మా ఆయన, పంటి నొప్పికి సలహా చెప్పినంత తేలిగ్గా. నేనూ సరేననుకున్నాను. ఆ సంగతి కూడా ఆ రోజు భాయ్‌కి చెప్పేశాను. అంతా విని ఆయన ఒక్కటే అన్నాడు.

"రాసిచ్చుడు యాడికి పోతది? రేపు మీ భాభీ బస్సెక్కుతది. ముందుగాల ఆమెతోని మాట్లాడు."

ఎక్కింది భాయ్ భార్య. సన్నగా, పొట్టిగా, నల్ల బురఖాలో, చేతిలో టిఫిన్ డబ్బాతో. కార్డు చూపించి, ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్టు అడిగి తీసుకుని, నా సీటు పక్కనే కూర్చుంది. కూర్చోవడమే ఆలస్యం, బస్సంతా వినబడేలా అడిగింది.

"నెలకు ఎన్ని దినాలు అయితుందమ్మా నీకు?"

"భాభీ, మెల్లగ!" అన్నాను. బస్సులో ఎవరి నోరైనా మూయించగల నేను ఆమె ముందు పిల్లినైపోయాను.

"కైకు మెల్లగ? సగం బస్సు ఆడోళ్ళే గద. అందరికి వచ్చేదే."

ముందు సీటులో ఒకామె వెనక్కి తిరిగింది. "నాకు గట్లనే మంట పుడుతుండె అక్కా, తడి తువాల ఏసుకొని పండుకునేదాన్ని," అంది. నిలబడ్డ ఇంకొకామె, "నన్నయితే దయ్యం పట్టిందన్నరు," అంది. "నాకు పేర్లు యాదికుండకపోతుండె," అని మరొకామె. సామాను సంచులు ఒళ్ళో పెట్టుకుని ముక్కూమొహం తెలియనివాళ్ళు ఒకరి మాట ఒకరు అందుకుంటుంటే, ఇన్నాళ్ళూ ఈ బండి నిండా నాలాంటివాళ్ళనే ఎక్కించుకుని తిప్పానని అప్పుడు తెలిసింది. మగవాళ్ళు కిటికీల్లోంచి చాలా శ్రద్ధగా రోడ్డు చూశారు.

చివరి స్టాపు దగ్గరపడుతుండగా భాభీ గొంతు తగ్గించి, ముందు డ్రైవరు సీటు వైపు చూస్తూ చెప్పింది.

"నాకు వచ్చినప్పుడు మీ భాయ్ నాటకం అన్నడు. పని ఎగ్గొట్టే నాటకం. లొల్లి పెట్టుకొని మా అమ్మ ఇంటికి తోలిండు. ఆడ కండ్లు తిరిగి పడిపోయిన. దవాఖానల సూపిస్తే రక్తం ఆరు పాయింట్లే ఉన్నదన్నరు. ఈయన ఉరికొచ్చి దవాఖాన మెట్ల మీద కూసోని చిన్న పోరగాని లెక్క ఏడ్సిండు. గప్పటి సంది ఆడోళ్ళ మొకం చూసి బాధ పసిగడ్తడు. నీ మొకం చూసి నాకు ఇంట్ల చెప్పిండు, ఆ చెల్లెకు నీ లెక్కనే అయితుందని." తర్వాత నా చేయి పట్టుకుంది. "ఆపరేషన్ ఇప్పుడే నక్కో, వద్దు. ముందు పెద్ద దవాఖానల పరీక్షలు చేయించు. నేనొస్త."

తప్పు చేయని మనిషి మంచివాడు కావడం పెద్ద సంగతి కాదు. చేసిన తప్పును జీవితాంతం కళ్ళ ముందు పెట్టుకుని, ఇంకొక ఆడమనిషికి అది జరగకుండా చాయ్ గ్లాసు ముందు కూర్చునే మగవాణ్ణి నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

నా వీక్లీ ఆఫ్ రోజు భాభీ వచ్చింది. ప్రభుత్వ దవాఖాన, లైను పొడుగు, బెంచీలు తక్కువ. లోపల డాక్టరమ్మకు మా అమ్మాయి కంటే నాలుగేళ్ళు ఎక్కువుంటాయేమో. కానీ ఇరవై నిమిషాలు అడిగింది. నిద్ర, మతిమరుపు, కోపం, రొమ్ములో గడ్డలు, ఇంట్లో ఎవరికైనా కేన్సరు, బీపీ, అన్నీ. నెలసరి పూర్తిగా ఆగిపోయే ముందు కొన్నేళ్ళు ఒంట్లో హార్మోన్లు ఎగుడుదిగుడుగా ఉంటాయని, దాన్ని పెరీమెనోపాజ్ అంటారని చెప్పింది. నా అవస్థకు ఒక పేరుంది!

"అంటే పిచ్చి కాదా మేడం?"

"కాదమ్మా."

"మరి గిన్ని దినాలు ఎవ్వలు ఎందుకు చెప్పలే?" అని ఆమె మీద కూడా లేచాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. "ఈ కోపం కూడా రాసుకుంటున్నానమ్మా," అంది. భాభీ పకపకా నవ్వింది.

నా రక్తం ఏడు పాయింట్లే ఉంది. స్కానింగు చేశారు, గర్భసంచి లోపలి పొర ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ రిపోర్టు వచ్చేదాకా పదిరోజులు నేను బతికినట్టు లేదు. చెడ్డదేమీ లేదన్నారు. గర్భసంచి తీయక తప్పనివాళ్ళు ఉంటారు గానీ నాకిప్పుడు అవసరం లేదన్నారు. రక్తానికి ఐరన్, నెలసరి అదుపుకు మందు, అన్ని పరీక్షలూ చూశాక తక్కువ మోతాదులో హార్మోను, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలన్న షరతు. నర్సింగ్‌హోం వాళ్ళు రాసిచ్చిన తేదీ కాగితాన్ని చింపి దవాఖాన గేటు దగ్గరి చెత్తడబ్బాలో వేశాను.

నెల రోజులు సెలవు పెట్టి, మళ్ళీ బండెక్కాను. మందు మంత్రం కాదు. సెగలు వెంటనే పోలేదు, నిద్ర మెల్లగా వచ్చింది. నేను రైట్ అన్నాక ఆ చిన్న ఆలస్యం అలాగే ఉంది. ఇప్పుడది క్లచ్చు కాదని తెలుసు. ప్రతి స్టాపులో వినేదాన్ని. ఒకటి, రెండు. కోపం రాలేదు. ఆ రెండంకెల మధ్య ఆయన నా కోసం తలుపు దగ్గరున్న ఒక్కొక్కరినీ చూస్తున్నాడు, అంతే. డిపోలో ఇవ్వాలని రాసుకున్న కాగితం కోటు జేబులోనే పెట్టుకు తిరిగాను. ఆ ఆలస్యం ఎప్పటికీ పోకపోతే ఇచ్చేయాలని.

నాలుగో నెలలో ఒక సాయంత్రం. అదే స్టాపు, మళ్ళీ గాజుల జనం. వెనక మెట్టు మీద ఒక అమ్మాయి బురఖా అంచు తలుపుకు చిక్కుకుంది.

"హోల్డాన్!" అని అరిచాను. నా గొంతు నాకే ఖంగుమని వినబడింది. బండి రాయిలా నిలబడింది. వంగి అంచు విడిపించాను, ఆమె దిగింది, ఆమె వెనకే ఇద్దరు పిల్లలు దిగారు, రోడ్డు పక్కకు చేరారు. మెట్లు ఖాళీ. ముందు చూశాను. సందు దొరికింది, జనం తలల మధ్య నుంచి డ్రైవరు సీటు కనబడుతోంది. ఆయన మెడ అద్దం వైపు తిరగలేదు. నేరుగా రోడ్డు వైపే ఉంది.

"రైట్" అన్నాను.

మాట పూర్తయ్యేలోగా బండి కదిలింది.