అమ్మది బోదకాలు కాదు

కిందటి నెల మా అమ్మాయి పట్టుబట్టి యాప్రాల్‌లో ఒక డాక్టరమ్మకు చూపిస్తే, ఆవిడ నా మోకాలి పక్కన వేలితో నొక్కీ నొక్కకముందే నేను కెవ్వుమన్నాను. ఆవిడ కంగారుపడలేదు. మీ అమ్మగారి కాళ్ళు కూడా ఇలాగే లావుగా ఉండి, తగిలితే చాలు కమిలిపోతూ, పాదాలు మాత్రం సన్నగా ఉండేవా అని అడిగింది. ఔనన్నాను. దీన్ని లిపెడిమా అంటారనీ, కాళ్ళలో కొవ్వు పేరుకునే జబ్బనీ, తిండి ఎక్కువై వచ్చిన ఒళ్ళు కాదనీ, తల్లినుంచి కూతురికి వస్తుంటుందనీ, బోదకాలైతే పాదం కూడా వాచేదనీ ఆవిడ చెప్పుకుపోతుంటే వింటూ కూర్చున్నాను గానీ నా లోపల ఏదీ కదలలేదు. మరీ ఆలస్యంగా వచ్చిన కబురుకు ఏమనుకోవాలో కూడా తోచదు, నా వయసువాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

అన్నం, రొట్టె, చక్కెర బాగా తగ్గించి చేపలు, గుడ్లు, నెయ్యి, ఆకుకూరలు తినమంది. కీటో అంటారట. కాళ్ళు సన్నబడతాయని మాట ఇవ్వను, కొందరికి నొప్పి తగ్గుతోంది, మధ్యమధ్య పరీక్షలు చేయించుకుంటూ చూద్దాం అంది. చేపలన్న మాట దగ్గర మాత్రం నాకు నవ్వొచ్చింది.

మాది శామీర్‌పేటలో చేపలు పట్టే ఇల్లు. తొంభైల్లో నాయిన చెరువులో వల వేసేవాడు, అమ్మ తెల్లారేసరికి గంపతో బస్సెక్కి మేడ్చల్ మార్కెట్‌లో దిగేది. నడుము కింది నుంచి చీలమండ దాకా అమ్మ కాళ్ళు స్తంభాల్లా ఉండేవి. పట్టీలు బిగుసుకుపోతే కంసాలి దగ్గర కోయించేశారు గానీ, పెళ్ళినాటి మెట్టెలు ఆమెకు ఎన్నడూ బిగుతు కాలేదు. అందరిలా గొంతుక్కూర్చోలేక ముక్కాలిపీట మీద కాళ్ళు చాపుకుని, వాటి మీద గోనెపట్ట కప్పుకుని చేపలు తోమేది. ఉద్యోగాల మీద ఆంధ్ర నుంచి వచ్చి కాలనీల్లో ఉంటున్న ఆడవాళ్ళకు నీచువాసన మిగలకూడదు, పులుసు ముక్క వేరు, వేపుడు ముక్క వేరు. అమ్మ వాళ్ళ పద్ధతులన్నీ నేర్చుకుంది. ఆదివారం పూట పక్క గంపలవాళ్ళు ఈగలు తోలుకుంటున్నా, ఆ కాలనీ ఆడవాళ్ళు మా అమ్మ కోసమే నిలబడేవాళ్ళు. ఆమెకు అంతకు మించిన గొప్ప ఇంకేదీ లేదు.

కాళ్ళ నొప్పులకని వెళితే ఒక డాక్టరు, ఇదంతా కొవ్వేనని చెప్పి నూనె, చేపలు మానెయ్యమన్నాడు. అమ్మ ఆరోజంతా నవ్వింది.

"చేపలమ్ముకునేదాన్ని చేపలు తినొద్దంటడేంది! ఇగ చెరువుల నీళ్ళు గూడ తాగొద్దంటడేమో."

నవ్వింది గానీ చెప్పినట్టే చేసింది. ఇంటినిండా చేపలుండగా ఏళ్ళకేళ్ళు పచ్చిపులుసు అన్నం, జొన్నరొట్టెలో కారం తిని బతికింది. మొహం పీక్కుపోయింది, మెడ కింద ఎముకలు తేలాయి, చేతులు పుల్లలయ్యాయి, కాళ్ళు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. ఒళ్ళంతా లావుగా ఉన్నన్నాళ్ళు లావు మనిషి అని ఊరుకున్న జనమే, కాళ్ళొక్కటే మిగిలేసరికి ఇది బోదకాలే అన్నారు. పథ్యమే ఆమెకు ఆ పేరు తెచ్చిపెట్టింది. రెండువేలు దాటిన తర్వాత మార్కెట్‌లో బోదకాలు రాకుండా గోలీలు పంచినప్పుడు, అవి అందరికీ ఇచ్చేవే అయినా, మింగుతుంటే అందరూ చూసింది మాత్రం అమ్మనే.

ఆ తరవాత ఒక ఆదివారం, ఎప్పుడూ ముందుగా వచ్చే కాలనీ ఆవిడ అమ్మను పలకరించి, నవ్వి, పక్క గంప దగ్గర ఆగింది. ఆమె వెనకే మిగతావాళ్ళూ. ఎవరూ ఒక్క పరుషమైన మాట అనలేదు, అనుంటే అమ్మ నాలుగు తగిలించేది. అమ్ముడుపోని చేపలు ఇంటికి తిరిగొస్తుంటే నాయిన ఉప్పు పట్టించి ఎండబెట్టేవాడు. కొన్నాళ్ళకు అమ్మ మా చిన్నమ్మను పిలిచి, "ఇగ నేను రాను పిల్లా, నా జాగల నువ్వు గూసో," అంది. అప్పటినుంచి ఇంట్లో అమ్మ తోమి కోసిన చేపలనే చిన్నమ్మ మార్కెట్‌లో అమ్మేది. ఎంత శుభ్రంగా చేస్తావమ్మా అని అవే కాలనీలవాళ్ళు ఆమెను మెచ్చుకునేవాళ్ళు. చిన్నమ్మ వచ్చి చెబితే అమ్మ సరే అనేది, అంతే. పోయేవరకూ మళ్ళీ మేడ్చల్ బస్సెక్కలేదు.

ఇప్పుడు నేను పొద్దున నెయ్యిలో గుడ్లు, మధ్యాహ్నం చేపలు తింటున్నాను. బస్సు మెట్టు ఎక్కేటప్పుడు నొప్పి కాస్త తగ్గింది, లేదనను. మొన్న మేడ్చల్ మార్కెట్‌లో, ఐసు పెట్టెల్లో ఎక్కడినుంచో లారీల మీద వచ్చిన చేపలు చూస్తుంటే, ఒక పెద్దావిడ నా చేయి పట్టుకుంది. "నువ్వు ఆ బోదకాలావిడ కూతురివి కదూ? ఆవిడ ముక్కలు కోస్తే ఎంత బాగుండేవో!"

కాదమ్మా అని మొదలుపెట్టాను. డాక్టరమ్మ చెప్పిందంతా, జబ్బు పేరుతో సహా, అక్కడే నిలబడి చెప్పాను. ఆవిడ అయ్యో పాపం అంటూ చివరిదాకా ఓపిగ్గా విన్నది. వింటూనే ఆవిడ చూపు నా చీర అంచుల కిందికి దిగింది, నా చేయి వదిలేసింది.

నాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఈ రోజుల్లో జబ్బుకు పేరుంది, దానికో తిండి ఉంది, పది నిమిషాలు వినే డాక్టరమ్మ ఉంది. అమ్మకు ఇవేవీ లేవు, ఆ మార్కెట్‌లో కూర్చునే చోటు తప్ప. అదీ ఉండనివ్వలేదు.