రెండేళ్లకే పోయిన కెప్టెన్

ఐర్లండ్‌లోని కార్లో ఊళ్లో పీజీ చదివేటప్పుడు వారానికి రెండు రోజులు ఊరి బయటి పాత చర్చిలో పని చేసేదాన్ని. పాత రిజిస్టర్లలో ఉన్నది చదివి కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. ఎవరైనా తమ పూర్వీకుల గురించి అడిగితే వెతికి జవాబు రాయడమూ నా పనే.

అలా అమెరికా నుంచి ఒక పెద్దాయన రాశారు. రిటైరైన స్కూలు మాస్టారు. ఆయన వంశానికి మూలపురుషుడు ఐర్లండ్‌లో ఓడెక్కి వెళ్లి, అప్పటికి అమెరికాకు సరిహద్దుగా ఉన్న కొండల్లో అడవి నరికి పొలం చేసుకున్నాడట. చుట్టుపక్కల రైతులు కలిసి కట్టుకున్న మిలీషియా దళానికి కెప్టెన్ కూడా అయ్యాడట. ఆ కెప్టెన్ పుట్టిన చోటు కోసం ఈయన సగం జీవితం వెతికారు.

మా రిజిస్టర్‌లో ఒక పేరు సరిపోయింది. తండ్రి పేరూ, ఏడాదీ సరిపోయాయి. బాప్తిస్మం రాసిన పేజీ ఫోటో తీసి పంపాను. ఆ ఇంటిపేరువాళ్లు ఇప్పటికీ అదే పొలంలో ఉన్నారని కూడా రాశాను. ఆయన వెంటనే ప్రయాణం పెట్టుకున్నారు.

ఆయన విమానం ఎక్కాల్సిన గురువారం నాడు, సమాధుల పుస్తకం ఎక్కిస్తుంటే అదే పేరు కనిపించింది. అదే తండ్రి, అదే పొలం. పక్కన ‘రెండేళ్ల పిల్లవాడు’ అని ఉంది.

కెప్టెన్ అనుకుని నేను పేజీ పంపిన పిల్లవాడు అసలు ఓడెక్కనే లేదు. చనిపోయిన బిడ్డ పేరే తర్వాతి కొడుక్కి పెట్టారేమోనని పేజీ పేజీ తిరగేశాను. లేదు.

గదికొచ్చి నా రూమ్మేట్‌కి చెప్పాను. ఆమెది కరీంనగర్.

“నువ్వు చెప్పకుంటే ఎవ్వలకు తెలుస్తదే? ముసలాయన సంబురంగ వస్తుండు. చూసి పోనియ్యి,” అంది.

“నాకు తెలిసిపోయిందిగా.”

“గట్లయితే ఇప్పుడే మెయిల్ కొట్టు.”

రెండుసార్లు రాసి చెరిపేశాను. మూడోసారి మొదలుపెట్టేసరికి, విమానం ఎక్కుతున్నానని ఆయనే మెసేజ్ పెట్టారు.

శనివారం ఆ పొలం రైతు నన్నూ పెద్దాయన్నీ కారులో తన ఇంటికి తీసుకెళ్లాడు. రైతు భార్య బల్ల మీద శాండ్‌విచ్‌లు, యాపిల్ టార్ట్ సర్ది ఉంచింది. “మీ చెవులు అచ్చం మా నాన్న చెవులే!” అని రైతు నవ్వాడు. పెద్దాయన ముఖం వెలిగిపోయింది. నేను టీ కప్పు కింద పెట్టేశాను.

అంతలో పెద్దాయన సంచిలోంచి పొడవాటి కాగితం తీసి బల్ల మీద పరిచారు. వంశవృక్షం. కెప్టెన్ పేరు పైన ఖాళీ వదిలారు. “మీ వాళ్ల పేర్లు మీ చేత్తోనే రాయండి,” అని పెన్ను రైతుకిచ్చారు. రైతు మూత తీశాడు.

“ఆగండి!” అన్నాను.

ఫోన్‌లో సమాధుల పుస్తకం పేజీ ఫోటో చూపించి, ఉన్నదంతా చెప్పాను.

“ఎప్పుడు తెలిసింది?” అని పెద్దాయన అడిగారు.

“గురువారం.”

“నేను బయల్దేరక ముందా?”

“ముందే.”

ఆయన కాగితం చుట్టబోయారు. అది రెండుసార్లు విప్పుకుంది. దాన్ని అలాగే వదిలేసి పెరట్లోకి వెళ్లిపోయారు. నేను లేవబోతే రైతు భార్య నా భుజం పట్టి కూర్చోబెట్టింది. “మా ఆయన వెళ్తాడులే,” అంది. కిటికీలోంచి ఇద్దరూ కంచె దగ్గర నిలబడి ఉండటం కనిపించింది. చాలాసేపటికి వచ్చారు. “గ్రాండ్,” అన్నాడు రైతు, అక్కడివాళ్ల మాటలో ఏం ఫర్లేదని. పెద్దాయన మాత్రం నా వైపు చూడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో పెద్దాయన అన్నారు: “నేను ఇంటికెళ్లాక తెలిసి ఉంటే మిమ్మల్ని ఎప్పటికీ క్షమించేవాణ్ణి కాదు. ఇప్పుడు క్షమించేశానని కూడా అనను. గురువారమే చెప్పాల్సింది.”

“అవును,” అన్నాను.

నాలుగు నెలలు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత ఒక మెయిల్ వచ్చింది. పలకరింపు లేదు. అమెరికాలో కెప్టెన్ పొలం పక్కన స్థిరపడ్డవాళ్లు మా పక్క జిల్లా వెక్స్‌ఫర్డ్ వైపు నుంచి వచ్చారని తెలిసిందట, కెప్టెన్ కూడా అక్కడివాడేమోనట. అక్కడి రిజిస్టర్లు చూడగలరా అని అడిగారు.

వెళ్లి మూడు రోజులు వెతికాను. దొరకలేదు. దొరకలేదని ఆ సాయంత్రమే రాశాను.