కాలనీ చెట్లకు మేక తీర్పు

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటినంక. సుట్టు తిప్పి రాసుడు నాకు రాదు. అందుకని ముందుగాల్నే చెప్తున్న. మా కాలనీల ఏ చెట్టు ఉండాలె, ఏ చెట్టు పోవాలె అని తేల్చే పని ఒక మేకకు అప్పజెప్పినం. అప్పజెప్పమన్నది నేనే.

కాలనీ సూర్యాపేట పక్కన ఉంటది. టీచరు పని చేసే నా బిడ్డ అక్కడ ఇల్లు కట్టుకున్నది. తుంగతుర్తి దిక్కు మా ఊర్లె నలభై ఏండ్లు గొర్లు, మేకలు కాసిన. మోకాళ్లు పనిచెయ్యక మంద మొత్తం అమ్మి బిడ్డ దగ్గరికి వచ్చిన. ఒక్క మేకను మాత్రం ఉంచుకున్న. పొద్దున లేచి ఏదో ఒకదాన్ని తోలుకొని నడవకుంటే నాకు అన్నం పోదు, అంతే.

అప్పుడు కాలనీ రోడ్డుకు రెండు దిక్కుల కోనోకార్పస్ చెట్లు ఉండె. పచ్చగ, గోపురాల లెక్క కత్తిరించి, చూస్తే బాగనే ఉండేటియి. కానీ పూత మీదికొస్తే ఇంటికొకరు దగ్గుడు. వేర్లు పోయి మోరీ పైపులల్ల దూరినయి. ఒక్క పిట్ట వాలకపాయె. పార్కుల కొరియా గడ్డి ఏసిండ్రు. ఎండకాలం మేం బకెట్లు పట్టుకొని వరుసల నిలబడితే, ఆ గడ్డి పండుకొని ట్యాంకర్ నీళ్లు తాగేది.

ఒక ఆదివారం కమిటీ మీటింగ్ పెట్టిండ్రు. ప్రెసిడెంటుకు మిర్యాలగూడల రైసుమిల్లు ఉన్నది, అందరం సేటు అంటం. సెక్రటరీ కోదాడాయన, రిటైరైన క్లర్కు. ఎవరన్న తుమ్మినా రిజిస్టర్ల రాసుకుంటడు. ఆ రోజు ముచ్చట్లు రెండు. ఒకటి, బయటిదేశం చెట్లు తీసేసి మన నేల చెట్లు పెట్టుడు. రెండోది, నా మేక. కాలనీ రూల్సుల కుక్కలకు జాగ ఉన్నది, మేకకు లేదు. వారంల పంపియ్యాలె అన్నరు.

మొదటి ముచ్చట దగ్గరనే బండి ఆగింది. ఖాళీ ప్లాట్లల్ల, గోడ పొంటి ఎన్నో తీర్ల మొక్కలు మొలిచి ఉన్నయి. ఏది మనదో, ఏది కాదో ఎవరికీ తెల్వదు. సెక్రటరీ దగ్గర ఒక లిస్టు ఉండె, అన్ని ఇంగ్లీషు పేర్లే. ఫోన్ల ఫొటో తీసి అడిగితే, ఒక్క వేపచెట్టుకే అది మూడు పేర్లు చెప్పింది.

నేను లేచి, నా మేకను అడగండ్రి అన్న. కొత్త అడవికి పోతే మేం చేసేది అదే, మేక ముందు, మనిషి వెనుక. మన మేకలు తరతరాల సంది తింటున్న చెట్టు మనది. అది మూతి తిప్పుకున్న చెట్టు బయటిది. కోనోకార్పస్‌ను ఒక్క మేకన్న తినంగ చూసిండ్రా అని అడిగిన.

అందరు నవ్వుతరనుకున్న. ఎవ్వరు నవ్వలే. సేటు, హైదరాబాద్ నుంచి ఎవర్నో పిలిచే తిప్పలు తప్పుతది గద, కానియ్యండ్రి అన్నడు. సెక్రటరీ రాసుకున్నడు: పరీక్ష అయ్యేదాక మేక కాలనీల ఉండొచ్చు. పరీక్ష నిలబడితే ఎప్పటికీ ఉండొచ్చు.

మర్నాడు పొద్దున ఆరింటికి బయలెల్లినం. ముందు మేక, తాడు పట్టుకొని నేను, నా వెనుక సున్నం డబ్బా, ఎర్రరంగు డబ్బా, సంకల రిజిస్టర్‌తోని సెక్రటరీ, ఆయన వెనుక సేటు, అందరి వెనుక వాకింగుకు వచ్చినోళ్లు. పెండ్లి ఊరేగింపే అది, బ్యాండు ఒక్కటి తక్కువ. మేక తిన్నదానికి సున్నం బొట్టు, ఉంటది. తిననిదానికి ఎర్రబొట్టు, పోతది. వేప తిన్నది, రేగు తిన్నది, జమ్మి తిన్నది. కోనోకార్పస్ దగ్గర ముక్కు పెట్టి తుమ్మింది. సేటు చప్పట్లు కొట్టిండు.

కాగితంపూల చెట్టును గూడ తిన్నది. అది సముద్రం అవతలి నుంచి వచ్చిన చెట్టని నా బిడ్డ ఎన్నడో చెప్పింది. అప్పుడే నోరు ఇప్పాల్సింది, ఇప్పలే. ఇంతల ఒకామె, తన మొక్క మనదేనా కాదా అని కుండీ ఎత్తుకొచ్చి మేక ముందట పెట్టింది. తిన్నది. ఆమె మస్తు సంబురపడ్డది. మొక్క మాత్రం మిగల్లే.

గేటు పక్క గోడ పొంటి తంగేడు పొదలున్నయి. ఎవ్వరు పెట్టలే, ఎవ్వరు నీళ్లు పొయ్యలే. బతుకమ్మకు కాలనీ ఆడోళ్లు ఆ పువ్వే తెంపుకుంటరు. పండుగ ఇంక నెల రోజులున్నది. మేక వాసన చూసి మొఖం తిప్పుకున్నది. తాడు గుంజి మళ్ల అటు తిప్పిన. మళ్ల తిప్పుకున్నది.

“తినలేదండీ. విదేశీ,” అని సెక్రటరీ ఎర్రరంగు డబ్బా మూత తీసిండు.

తంగేడును మేక ముట్టదని నాకు చిన్నప్పటి సంది ఎరుకే. మీటింగ్ల ఆ మాట మింగిన. ఇప్పుడు చెప్తే పరీక్ష పోతది, పరీక్షతోని మేక పోతది. చెప్పకుంటే తంగేడు పోతది. కుంచె పొద మీదికి పొయ్యేదాక చూసిన. ఇగ ఆగలే.

“ఆగు సారూ. తంగేడు మనదే.”

“అంటే మేక తప్పు చెప్పిందంటారా?”

“మేక ఏం చెప్పలే. దానికి ఇష్టం లేదు, తినలే. తప్పు చెప్పింది నేను.”

“మరి పొద్దుట్నుంచి నేను రాసిందంతా?”

“సగం కొట్టెయ్యి.”

సేటు నా దిక్కు చూసి, “ఈ మాట నిన్ననే చెప్తే ఇంకో గంట పండుకునేటోణ్ని గద పెద్దయ్యా,” అన్నడు.

తర్వాత నేను నడుసుకుంట పేర్లు చెప్పిన, నా బిడ్డ రాసింది. రెండు గంటలల్ల ఖతం. మేకతోని పనే లేకుండె. పరీక్ష రద్దయిందని, గురువారం లోపల మేక పోవాలని సెక్రటరీ రిజిస్టర్ల రాసిండు. నేను మొత్తం చదివి కింద సంతకం పెట్టిన.

వేములపల్లిల మా చెల్లె ఉంటది, ఆమెకు పంపుదామని ట్రాలీ ఆటో మాట్లాడిన. బండి ఎక్కించే మేకకు ముందు రోజు నుంచి మేత పెట్టం, పెడితే కడుపు ఉబ్బుతది. గేటు కాడ ఆటో ఆపి సెక్రటరీ రిజిస్టర్ల మేక పోవుడు రాస్తున్నడు. సేటు పక్కన నిలబడ్డడు. తంగేడు పూతకొచ్చి ఉన్నది. మేక మెడ చాపి ఒక కొమ్మ గుంజి, ఆకు, పువ్వు మొత్తం నమిలింది. ఇంకో కొమ్మ అందుకున్నది.

సెక్రటరీ పెన్ను ఆపి, “తింటుందిగా,” అన్నడు.

“తింటున్నది,” అన్నడు సేటు.

“తిన్నదంటే పరీక్ష నిలబడినట్టేగా సార్. రద్దు చేయడం ఎలా కుదురుతుంది?”

సేటు తల గోక్కొని, “దించుండ్రి దాన్ని. మళ్ల మీటింగ్ల మాట్లాడుదాం,” అన్నడు.

నిన్నటి సంది మేత లేని మేక అది. రిజిస్టర్ పెట్టినా తింటుండె. నా బిడ్డ నా మొఖం దిక్కు చూసింది. నేను మేకను దించుకొని ఇంటికి తోలుకపోయిన.

రెండు ఎండకాలాలు పోయినయి. కోనోకార్పస్ జాగల పెట్టిన కానుగ, వేప మనిషెత్తు దాటినయి. కానుగ కింద స్కూటర్లు పెట్టుకునే నీడ వచ్చింది. గడ్డి ఎండిపోయింది, పార్కుకు ట్యాంకర్ వచ్చుడు బంద్ అయ్యింది. మోరీలు పొంగుతలేవు. రేగు చెట్టు మీద పిట్టల లొల్లికి సెక్రటరీకే నిద్ర పడతలేదంట, అది గూడ రాసుకున్నడు.

నెలనెల మీటింగ్ అయినంక నోటీసు బోర్డుకు కాగితం అంటిస్తరు. చివరి లైన్ల ‘మేక విషయం వాయిదా’ అని ఉంటది. నేను అక్షరం అక్షరం చదువుకుంట. మేత పెట్టని సంగతి మాత్రం ఎవ్వరికి చెప్పలే.