లెక్కలో ఉన్న అమ్మలు

మా వదిన ఏ గదిలోకి వెళ్ళినా ముందు మనుషుల్ని చూడదు, గోడల్ని చూస్తుంది. ఉష్ణోగ్రత కొలిచే చిన్న తెల్లడబ్బా ఎక్కడుందో వెతుక్కుని, అది క్షేమంగా ఉందని తేల్చుకున్నాకే కుర్చీలో కూర్చుంటుంది. పెళ్ళికి ముందు అన్నయ్య ఆమెను మొదటిసారి హోటల్‌కి తీసుకెళ్తే, "సెన్సార్ కింద కాఫీ మెషిన్ పెట్టారండీ. పాపం, అది గదంతా ఉడికిపోతోందనుకుంటోంది" అందట. అన్నయ్య అక్కడే పడిపోయాడు. మేము మాత్రం ఆమెకు థర్మామీటరు అని పేరు పెట్టుకున్నాం.

ఆమె ఉద్యోగమూ అదే. పెద్ద భవనాల్లో వేడినీ చల్లదనాన్నీ నడిపే యంత్రాలు గోడమీది సెన్సార్ల మాట వింటాయి. సెన్సార్లు పాతబడి, దుమ్ముపట్టి, తప్పు చెప్పడం మొదలుపెడితే కనిపెట్టడానికి వదిన కంప్యూటర్లో ఒక నమూనా తయారు చేసింది. బయట చలెంత, గొట్టాల్లోంచి వచ్చే గాలి వేడెంత, గదిలో మనుషులెందరు, అన్నీ లెక్కగట్టి, సెన్సార్ ఇప్పుడు ఎంత చూపించాలో ఆ నమూనా చెబుతుంది. రెండూ కలిస్తే సరే. బాగా తేడా వస్తే సెన్సార్ చెడిందని తీర్మానించి, యంత్రం నమూనా మాటే వింటుంది.

"అంటే, సాక్షి నచ్చకపోతే జడ్జిగారు ఊహించి తీర్పు చెప్పేస్తారన్నమాట" అన్నానొకసారి. వదిన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తన లెక్కే తప్పితే అన్న భయం ఆమెకు ముందునుంచీ ఉందని నాకు అప్పుడు తెలియదు.

భయపడటంలో మా వదినకు సాటి లేరు. పొయ్యి ఆపానో లేదో అని వీధి చివరినుంచి వెనక్కి వస్తుంది. తాళం లాగి చూస్తుంది, నాలుగడుగులు వేసి మళ్ళీ వచ్చి లాగుతుంది. అనుమానం పెనుభూతం అని అమ్మ దెప్పితే, "మనింటి భూతమే కదా అత్తయ్యా, ఉండనివ్వండి" అంటుంది.

ఈ చలికాలంలో నాకు కూతురు పుట్టింది, నెలలు నిండకుండానే. కొన్నాళ్ళు గాజుపెట్టెలో ఉంచి, తరవాత వెచ్చగదికి మార్చారు. ఆరుగురు పిల్లలకు సరిపోయే చిన్న గది అది. అక్కడ ఒంటి వేడి నిలుపుకుంటే ఇంటికి పంపుతామన్నారు. ఆ ఆసుపత్రిలో నడిచేది వదిన నమూనాయే. "పాప నీ చేతుల్లోనే ఉంది వదినా" అని హాస్యమాడాను. ఆమె నవ్వలేదు.

ఒక మధ్యాహ్నం నర్సు కారిడార్‌లోకి వచ్చి మమ్మల్ని పిలిచింది. "పాప ఒళ్ళు చల్లబడుతోందండీ. ఎన్ని దుప్పట్లు కప్పినా నిలవట్లేదు. ఇన్ఫెక్షనేమో అంటున్నారు డాక్టరుగారు. రక్తం తీస్తారు, మందు మొదలుపెడతారు, మళ్ళీ గాజుపెట్టెలోకే."

మా ఆవిడ గోడకానుకుని అలాగే జారి కింద కూర్చుంది. అంత చిన్న చేతికి సూది ఎక్కడ గుచ్చుతారు?

వదిన మాత్రం పిచ్చి ప్రశ్న వేసింది. "మిగతా పిల్లల కాళ్ళు ఎలా ఉన్నాయి?"

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. "వాళ్ళ సంగతి ఇప్పుడెందుకు వదినా!" అని అరిచాను.

నర్సు ఆలోచించింది. "ఇంకో ఇద్దరికి కూడా నిన్నటినుంచి రెండు జతల సాక్సులు వేస్తున్నాం. గది వెచ్చగానే ఉందండీ. తలుపు పక్కన తెరమీద చూడండి, ఇరవై ఆరు డిగ్రీలు. పరుగులు పెట్టి ఈ గౌన్లలో మాకైతే చెమటలే."

వదిన ఫోన్ తీసి చూసింది. "ఆ ఇరవై ఆరు నా నమూనా చెప్పింది. గోడమీది సెన్సార్ ఇరవై రెండంటోంది. అది చెడిపోయిందని నమూనా మొన్నే దాన్ని పక్కనపెట్టేసింది. రేపు మార్చడానికి మనిషి వస్తాడు."

"మరి ఏది నిజం?"

"తెలీదు."

లెక్క కట్టిన మనిషే తెలీదంటే ఇక ఎవర్నడగాలి? నాకు చచ్చేంత భయమేసింది.

నమూనాను ఆపేయనా అని వదిన వాళ్ళ మేనేజరుకు ఫోన్ చేసింది. ఆయన గొంతు నాకూ వినిపిస్తోంది. "సెన్సార్లు చెడటం మామూలేనమ్మా. మీ నమూనా ఇంతవరకూ తప్పలేదు. మీరే ఆపేస్తే ఇంకెవరు నమ్ముతారు? రేపు సెన్సార్ మార్చాక చూద్దాం."

కాకిపిల్ల కాకికి ముద్దు. ఆ నమూనాకోసం వదిన ఎన్ని ఆదివారాలు పోగొట్టుకుందో నాకు తెలుసు. ఆమె పెదవి కొరుక్కుంటూ నిలబడింది. ఆమెమీద ఒళ్ళు మండుతోంది, ఆమె తప్ప దిక్కూ లేదు.

అప్పుడామె చూపు కింద కూర్చున్న మా ఆవిడమీద పడింది. "నువ్వు బయటెందుకున్నావమ్మా?"

"ఊళ్ళో దగ్గులు ఎక్కువయ్యాయని మొన్నటినుంచి పాలిచ్చే వేళకే రానిస్తున్నారక్కా. అందర్నీ అంతే."

వదిన కారిడార్ చివరిదాకా చూసింది. బెంచీలమీద శాలువాలు కప్పుకుని మిగతా తల్లులు.

"అమ్మలంతా ఇక్కడే ఉన్నారు" అంది మెల్లగా. "నేను ముందే రాసిపెట్టిన లెక్కలో ఆరుగురూ లోపలే ఉన్నారు, పిల్లల పక్కనే. ఒక్కో మనిషి ఒంటినుంచి పాతకాలం బల్బంత వేడి వస్తుంది. ఆ వేడి ఉందనుకుని నమూనా హీటర్ తగ్గించేసింది. నిజం చెప్పిన సెన్సార్‌ని పట్టుకుని చెడిపోయిందంది."

ఫోన్‌లో మేనేజరు ఇంకా ఏదో అంటున్నాడు. "ఆపేస్తున్నాను సార్" అని పెట్టేసింది. పాస్‌వర్డ్ తప్పుకొట్టి, మళ్ళీ కొట్టింది. యంత్రాన్ని సెన్సార్ మాట వినమంది. తరవాత నర్సు చెయ్యి పట్టుకుంది. "గది వేడెక్కడానికి టైం పడుతుందండీ. అంతవరకు అమ్మల్ని లోపలికి పంపండి."

డాక్టరుగారు వచ్చారు, విన్నారు. "మాస్కులు పెట్టుకుని వెళ్ళమనండి. ఒక గంట చూద్దాం. అప్పటికీ ఒళ్ళు వెచ్చబడకపోతే సూది తప్పదు."

తల్లులు ఒక్కొక్కరే లోపలికి వెళ్ళారు. మా ఆవిడ పాపను గుండెలకు ఆనించుకుంది. ఆ గంట ఎలా గడిచిందో పైవాడికే తెలియాలి. వదిన ఫోన్ నా చేతిలో పెట్టి, "నువ్వే చూడు, నావల్ల కాదు" అని గోడవైపు తిరిగిపోయింది. ఇరవై రెండు. ఎంతసేపు చూసినా ఇరవై రెండే. కళ్ళు మూసి తెరిచాక ఇరవై మూడు.

చివరికి నర్సు తలుపు తీసి, "ఒంటి వేడి నిలబడిందండీ. పాప కాళ్ళు వెచ్చగా ఉన్నాయి" అంది. నేను సిగ్గు లేకుండా ఏడ్చాను.

కళ్ళు తుడుచుకుని చూస్తే పక్కన వదిన లేదు. కారిడార్ చివర బెంచీమీద లాప్‌టాప్ తెరుచుకుని, తన నమూనా నడిచే మిగతా భవనాలకు ఒక్కొక్కదానికే ఫోన్ చేస్తోంది.

"మీ గదుల్లో ఇప్పుడు మనుషులెందరున్నారండీ? ఉహుఁ, తెరమీద కాదు. దయచేసి లేచి, ఒకసారి వెళ్ళి చూసి చెప్పండి."