ఎనిమిది ప్యానెళ్ళ కుచ్చులు

మా మేనకోడలు సాధించిన మొట్టమొదటి ఘనకార్యం, ఎనిమిది సోలార్ ప్యానెళ్ళకు తొడిగిన కుచ్చులు విప్పించడం. ఇది విని నవ్వేవాళ్ళు మిట్టమధ్యాహ్నం రేకుల షెడ్డు మీద నిలబడి ఒక యజమానికి నచ్చజెప్పి చూడాలి.

ఆమె ప్రతిభ ఈనాటిది కాదు. తొమ్మిదేళ్ళకు మా ఇస్త్రీపెట్టె విప్పింది. పదకొండేళ్ళకు తిరిగి బిగించింది. ఎలక్ట్రీషియన్ పరీక్షలో రెండో ర్యాంకు. రాసింది ముగ్గురేనని గిట్టనివాళ్ళు అంటారు గానీ, వాళ్ళ పిల్లలెవరూ ఆ ముగ్గురిలో లేరు. ఊరి బడిలో అయిదు దాకా చదివిన నేను, ఇలాంటి మేనకోడలికి మేనమామని కావడాన్ని నా ఘనతల్లోనే జమ వేసుకుంటాను.

సోలార్ కంపెనీలో ఆమెను ఆరు నెలలు పని చూసి ఉంచుకుంటామన్నారు. ఆఖరి వారంలో మేనేజరు ఒక ఫిర్యాదు కాగితం చేతికిచ్చాడు. ఒక కుట్టుమిషన్ల షెడ్డులో కరెంటు సగమే వస్తోంది. శనివారంలోగా అంతా బాగుందని యజమాని సంతకం తెస్తే ఉద్యోగం ఖాయం, తేకపోతే ఇంటికే. అంతకుముందే ఇద్దరు సీనియర్లు వెళ్ళొచ్చారు. ఒకాయన ప్యానెళ్ళు కడిగాడు. రెండో ఆయన వైర్లు మార్చి, టీ తాగి వచ్చాడు.

అసలు సంగతి ఏమిటంటే, రోడ్డువైపు బోడిగా కనిపిస్తున్న ప్యానెళ్ళను చూసి యజమాని మనసు చివుక్కుమంది. చేతిలో టైలర్లున్నారు. ఒక్కో ప్యానెల్ కింది అంచున, అద్దం మీదికి వచ్చేలా, నాలుగు వేళ్ళ వెడల్పున నీలం కుచ్చును చట్రానికి కుట్టించి, దాని మీద షెడ్డు పేరు ఎంబ్రాయిడరీ చేయించాడు. సీనియర్లిద్దరూ ఆ కుచ్చులు చూశారు, పనితనం మెచ్చుకున్నారు కూడా. పెద్దమనుషుల అభిరుచిని కాదనడం సీనియర్ల పని కాదు గదా.

కుచ్చులు అన్నీ తీయాలంది మా పిల్ల. తలుపంత పెద్ద ప్యానెల్ మీద బెత్తెడు గుడ్డ ఏం చేస్తుందని యజమాని వెటకారం. పోనీ ఒక్కటి తీసి చూడమన్నాడు. ఒక కుచ్చు విప్పారు. మీటరులో అంకె పన్నెండు వందల వాట్ల దగ్గరే కూర్చుంది.

"చూశావా అమ్మాయ్? వెళ్ళి మీ వాళ్ళెవరినైనా పంపు" అంటూ యజమాని కాగితం మీద 'మనిషికి పని రాదు' అని రాయడానికి కలం తీశాడు.

"ఒక్కటి తీస్తే లాభం లేదు సర్. ఎనిమిదీ ఒకదాని వెనక ఒకటి కట్టి ఉన్నాయి. ఏ ఒక్కదాంట్లో అద్దం కింది గడి సగం మూసుకున్నా, కరెంటుకు అక్కడ దారి ఇరుకే. అది దాటే కదా మిగతావాటికి పోవాలి."

మెట్ల మీద నిలబడి వింటున్న పెద్ద టైలరమ్మకు ఇది ఇట్టే తలకెక్కింది. ఆ షెడ్డులో చొక్కా ఎనిమిది మిషన్ల మీదుగా వెళ్తుంది.

"మన కాలరు మిషను సంగతే కదయ్యా. అక్కడ ఆలస్యమైతే గుండీలామె గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోదా? రోజూ పొద్దున్నే మీరు మమ్మల్ని తిట్టేది దానికే గదా" అందామె.

తన తిట్లను తానే కాదనడం యజమానికి కుదరలేదు. టైలరమ్మ కత్తెరతో ఎక్కి మిగిలిన ఏడింటి కుట్లూ తెంపింది. కింద మీటరు దగ్గరున్న మనిషి రెండు వేల నాలుగు వందలని చదివాడు. నమ్మక మళ్ళీ చదివాడు.

యజమాని సంతకం పెట్టాడు. లోపాన్ని తానే కనిపెట్టి, కంపెనీ మనిషి చేత సరిచేయించానని పైన రెండు వాక్యాలు కూడా రాశాడు. మా పిల్ల ఆ వాక్యాల జోలికి పోలేదు. ఆమెకు కావలసింది కింద ఉన్న సంతకం.

ఉద్యోగం ఖాయమైంది. ఇక ఆ సీనియర్లిద్దరికీ మా పిల్లే నేర్పాలన్నాడు మేనేజరు. అంతకు ముందు తాను నేర్చుకుని రావాలని, ప్యానెళ్ళు తయారుచేసే కార్ఖానాకు రెండు నెలల శిక్షణకు పంపారు. తిరిగి వచ్చేది జూన్ పద్దెనిమిదిన.