ఇంటి వరస

మా నాన్న వంకాయ మడిలో నూతి పక్క వరసకి పురుగు మందు కొట్టడు. అది ఇంటి వరస. మిగతాదంతా బజారుది: సాయంత్రం మందు కొడితే రెండో రోజు పొద్దున్నే కాయ కోసి ఆటో ఎక్కించేస్తాడు. మా ఊళ్లో కూరగాయలు పండించే ప్రతి ఇంటికీ ఇలాంటి వరస ఒకటి ఉంటుంది. కాయల్లో మందు ఎంత మిగిలిందో చూసే ల్యాబులోనే నా ఉద్యోగం. అయినా ఆ వరస కాయలు లొట్టలేసుకుంటూ తిన్నానే తప్ప, సిగ్గులేకుండా, ఏనాడూ నోరెత్తలేదు.

పురిటికి పుట్టింటికి వచ్చిన ఏడాది ఇంటి వరసంతా పుచ్చు పట్టింది. నాకేమో వంకాయ కూర మీద ఒకటే యావ. ఒక ఉదయం చెప్పకుండా వెళ్లి బజారు వరసల్లోంచి ఒడినిండా లేత కాయలు కోసుకున్నాను. నాన్న గట్టు మీంచి చూసి పరుగెత్తుకొచ్చాడు. కాయలు లాక్కొని, నా చేతులు నూతి దగ్గర సబ్బుతో తనే కడిగాడు.

"నిన్న సాయంత్రమే మందు కొట్టినానమ్మీ. నువ్వు తినకూడదు."

"మరివి ఎవులు తింతారు నాన్నా?"

ఆ కాయల కోసం ఆటో మర్నాడే రావాలి. బజార్లో కొనేవాళ్లలోనూ కడుపుతో ఉన్నవాళ్లుంటారని కూడా అనేశాను. ఆ రోజు నా నోరు ఊరుకోలేదు. నాన్న కళ్లలో నీళ్లు చూశాక నాలుక కరుచుకున్నాను. నన్ను చదివించింది ఆ మడే మరి.

నాన్న కళ్లు తుడుచుకుని, ఆ మందు ఎన్నాళ్లుంటుందని అడిగాడు. చెప్పాను: ఎండకి కొంత విరిగిపోతుంది, కాయ పెరిగేకొద్దీ కొంత పలచబడుతుంది, నేల మీద పడ్డదాన్ని మట్టిలోని కంటికి కనబడని జీవులు మెల్లగా తినేస్తాయి. వాన పడితే అంతా కడుక్కుపోతుందనుకోవడం వట్టిమాట. కొట్టాక ఎన్నాళ్లు ఆగి కోయాలో డబ్బా మీదే రాసి ఉంటుంది. నాన్నకి చదువు రాదు. నేనే చదివి, వారం అన్నాను.

మర్నాడు వచ్చిన ఆటోని వెనక్కి పంపేశాడు. రోజూ పొద్దున్నే నూతి దగ్గర గుంజకి గోనెదారంతో ఒక ముడి వేశాడు. చాలా కాయలు ముదిరి గింజకట్టాయి. ఏడు ముడులూ నిండాక, ముదరని కాయలు ఏరి తెచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"సూడమ్మీ, ఇప్పుడు తినొచ్చేటి?"

ఆ కూర ఇద్దరం తిన్నాం.

నా కూతురికిప్పుడు మూడేళ్లు. నాన్న పురుగు మందు మానలేదుగానీ, ముడులు నిండకుండా కాయ కొయ్యడు. మొన్న నారు నాటుతుంటే, ఈసారి ఇంటి వరస ఏదని అడిగాను. తలెత్తకుండానే అన్నాడు.

"అన్నీ ఇంటివేనమ్మీ."